దండలు చాలు, అధికారం ఇవ్వండి

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ కార్యదర్శి గారికి, వైద్య విద్యా సంచాలకుల వారికి, వికారాబాద్ జిల్లా కలెక్టర్ గారికి



ఏటా మే 12న మీ శాఖ నర్సుల దినోత్సవం జరుపుతుంది. వేదిక మీద అధికారులు, డాక్టర్లు, ప్రజాప్రతినిధులు కూర్చుంటారు. ఎవరి పేరిట సభ జరుగుతోందో వాళ్లు కింద ప్లాస్టిక్ కుర్చీల్లో ఉంటారు. ఒకరిద్దరిని పైకి పిలిచి శాలువా కప్పుతారు. మైకు పట్టుకున్న ప్రతి ఒక్కరూ నర్సులు దేవతలనీ, తల్లులనీ, కరోనా యుద్ధంలో ముందు నిలిచిన యోధులనీ చెబుతారు. మర్నాడు ఆ దేవతకు గ్లవ్స్ కావాలంటే మూడు సంతకాలు కావాలి. ఆ తల్లికి రాత్రి డ్యూటీలో ఎంతమంది రోగులని అడిగేవారుండరు. ఆ యోధుల్ని తయారు చేసే నర్సింగ్ బడికి పెద్ద ఎవరో, ఆమె చేతిలో ఉన్న అధికారమెంతో మీ జాబుల్లో ఎక్కడా కనిపించదు.

నేను ఒప్పుకోలేనిది ఈ ధోరణినే. నర్సింగ్ విద్య అంటే వైద్య కళాశాల వెనకాల వచ్చే ఒక అనుబంధం, భవనం మిగిలితే ఇచ్చేది, మనుషులు మిగిలితే నియమించేది అన్న ఈ ఆలోచన మీ కార్యాలయాల్లో ఎంతగా స్థిరపడిందంటే, దాన్ని ఆలోచన అని కూడా ఎవరూ అనుకోవడం లేదు. అందుకే ఈ లేఖ మీకు చాటుగా కాకుండా బహిరంగంగా రాస్తున్నాను.

నేను తాండూరు ప్రాంతంలో సర్కారు బడి పంతులుగా పనిచేసి రిటైరైన వాణ్ణి. బషీరాబాద్, యాలాల, పెద్దేముల్ మండలాల ఊళ్ల నుంచి, తండాల నుంచి వచ్చిన ఆడపిల్లలకు చదువు చెప్పాను. పదో తరగతి దాటిన పిల్లను పై చదువుకు పంపడానికి తండ్రి ఒప్పుకునే దారులు ఇక్కడ రెండు మూడే. వాటిలో నర్సింగ్ ఒకటి. నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్లలో కూలి చేసే తండ్రి, కంది చేలల్లో వంగి పనిచేసే తల్లి, తమ బిడ్డ తెల్ల కోటు వేసుకుంటుందని ఆశపడి అప్పు చేస్తారు. ఆ పిల్లకు ఎలాంటి చదువు దొరుకుతుందన్నది వాళ్ల ఇంటి సమస్య మాత్రమే కాదు. రేపు ఆమె చేతిలో పడబోయే రోగులందరి సమస్య. అంటే మా అందరిదీ.

మా ప్రాంతం సంగతి మీకు తెలియనిది కాదు. తాండూరులో బండ కోసిన దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. వికారాబాద్ పక్కన అనంతగిరి గుట్టల మీద నిజాం కాలంలోనే క్షయ రోగుల కోసం దవాఖాన కట్టారు. క్షయ రోగి నయం కావాలంటే నెలల తరబడి మాత్ర తప్పకుండా మింగాలి. ఆ మాత్ర మింగించేది, దగ్గు మందు కాదు ఇది, మానేస్తే మళ్లీ తిరగబెడుతుందని వాళ్ల మాటలో చెప్పేది నర్సే. మా వైపు సగం మాటల్లో కన్నడం, ఉర్దూ కలుస్తాయి, తండాల్లో లంబాడీ మాట్లాడతారు. ఆ మాటలు వచ్చిన పిల్లలు ఇక్కడే పుట్టారు, ఇక్కడే ఉన్నారు. వాళ్లను మంచి నర్సులుగా తీర్చిదిద్దే గురువు ఇక్కడ ఉండాలా, వద్దా?

2023లో వికారాబాద్‌కు ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. ఒకే రోజు రాష్ట్రంలో తొమ్మిది కళాశాలలు మొదలయ్యాయి. సంతోషించాం, ఇప్పటికీ సంతోషమే. అయితే డాక్టర్ల కళాశాల వచ్చిన ప్రతిచోటా మీరు ప్రిన్సిపాల్ పేరు ప్రకటిస్తారు, ప్రొఫెసర్ల ఖాళీల మీద సమీక్షలు పెడతారు, ఢిల్లీ నుంచి తనిఖీ బృందం వస్తుందంటే ఉరుకులు పరుగులు పెడతారు. నర్సింగ్ విద్య విషయంలో ఆ ఉరుకులో పదో వంతు ఎప్పుడైనా చూపించారా? వంద మంది డాక్టర్లు చదువుకునే చోట, వాళ్లు రాసిన మందును రోగికి ఎక్కించే వాళ్లు ఎంతమంది కావాలో, వాళ్లకు చెప్పే గురువులు ఎంతమంది కావాలో లెక్క వేసిన కాగితం మీ దగ్గర ఉందా? ఉంటే జనం ముందు పెట్టండి.

అయ్యా, కరోనాను యుద్ధమన్నది మీరే. నర్సులను యోధులన్నదీ మీరే. కాబట్టి యుద్ధం లెక్కలే అడుగుతాను.

2020 జూలైలో, గాంధీ ఆసుపత్రి పూర్తిగా కరోనా రోగులతో నిండి ఉన్నప్పుడు, అక్కడి అవుట్‌సోర్సింగ్ నర్సులు విధులు ఆపి రోడ్డు మీద కూర్చున్నారు. అప్పటిదాకా వాళ్ల జీతం నెలకు 17,500 రూపాయలు. ఆందోళన తర్వాతే అది 25,000 అయింది. అంతకు కొద్ది రోజుల ముందే ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రిలో పనిచేసే ఒక హెడ్ నర్సు కరోనాతో కన్నుమూశారు. ఆమె ఉద్యోగ విరమణకు అప్పటికి రోజులే మిగిలి ఉన్నాయి. 2021 జూలైలో, రెండో అల తగ్గుముఖం పట్టగానే, కరోనా కోసం తాత్కాలికంగా తీసుకున్న వెయ్యి మందికి పైగా నర్సులను ఇక అవసరం లేదని ఇంటికి పంపారు. వాళ్లు హైదరాబాద్ వీధుల్లో నినాదాలు చేశారు. యోధులని పిలిచిన వాళ్లనే అలా పంపేయడం ఏ యుద్ధనీతి? అప్పుడు ప్రభుత్వం వేరు, ఇప్పుడు వేరు అని మీరనవచ్చు. ప్రభుత్వాలు మారాయి, మీ శాఖ మారలేదు. ఫైళ్లు అవే, బల్లలు అవే.

యుద్ధం వచ్చినప్పుడు నర్సుల బడి నడిపే మనిషి ఏం చేయగలదో, అందుకు ముందు ఆమె చేతికి ఏం ఇచ్చి ఉండాలో తెలియాలంటే ఎడిత్ కావెల్ బతుకు చూడండి. ఆ పేరు మీరు వినే ఉంటారు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైన్యం కాల్చి చంపిన ఇంగ్లిష్ నర్సు అని చదివి ఉంటారు. ఆమె చావు గురించి లోకమంతా చెప్పుకుంది. నేను చెప్పేది అంతకు ముందు ఆమె చేసిన ఉద్యోగం గురించి.

1907లో బ్రస్సెల్స్ నగరంలో ఆంటోయిన్ డెపాజ్ అనే సర్జన్ నర్సుల బడి పెట్టాలనుకున్నాడు. అప్పటికి బెల్జియంలో రోగుల సేవ ఎక్కువగా క్రైస్తవ సన్యాసినుల పని. శిక్షణ పొందిన నర్సు అన్న ఉద్యోగమే అక్కడ దాదాపు లేదు. డెపాజ్ పెద్ద డాక్టరు. అయినా ఆ బడిని తానే నడుపుతానని అనలేదు. లండన్ హాస్పిటల్‌లో శిక్షణ పొంది, ఆ నగరంలోని పేదల ఆసుపత్రుల్లో పనిచేసిన 41 ఏళ్ల ఎడిత్ కావెల్‌ను పిలిపించి బడి తాళాలు ఆమె చేతిలో పెట్టాడు. నలుగురైదుగురు అమ్మాయిలతో బడి మొదలైంది. మంచి కుటుంబాల ఆడపిల్లలు జీతానికి పనిచేయడం పరువు తక్కువ అనుకునే కాలమది. ఈ మాట మా తాండూరు వాళ్లకు అర్థం కావడానికి ఎవరూ వివరించనక్కరలేదు.

ఆమె ఎలాంటి ప్రిన్సిపాలో చెప్పే ఒక సంగతి ఆమె జీవిత చరిత్రల్లో కనిపిస్తుంది. పొద్దున టిఫిన్ బల్ల దగ్గర గడియారం ఎదురుగా పెట్టుకుని కూర్చునేదట. రెండు నిమిషాలు దాటి వచ్చిన విద్యార్థినికి ఆ రోజు ఖాళీ సమయంలో రెండు గంటలు కోత. కఠినం అనిపిస్తుంది. కానీ మందు వేళకు ఎక్కించడం అలవాటు కావాల్సిన పిల్లకు వేళ విలువ ఎక్కడో ఒకచోట నేర్పాలి కదా! ఆ క్రమశిక్షణ పెట్టే అధికారం ఆమెకు ఉంది. ఆమె మాట కాదని పిల్లల్ని ఇంకో పనికి పంపే పెద్దమనిషి ఆ బడిలో లేడు. ఒకసారి బెల్జియం రాణి చెయ్యి విరిగినప్పుడు ఈ బడి నుంచే శిక్షణ పొందిన నర్సును పంపమని కబురు చేసిందని, ఆ కబురుతో నర్సు చదువుకు పరువు దక్కిందని చెబుతారు. 1910లో నర్సుల కోసం ఒక పత్రిక కూడా మొదలైంది. బడి పెట్టిన నాలుగైదేళ్లకే మూడు ఆసుపత్రులకు, 24 బడులకు, 13 శిశు పాఠశాలలకు నర్సుల శిక్షణ బాధ్యత ఆమె చేతిలో ఉంది.

1914లో యుద్ధం వచ్చింది. అప్పుడామె ఇంగ్లండులో తల్లి దగ్గర సెలవులో ఉంది. అక్కడే ఉండిపోతే అడిగేవారు లేరు. తిరిగి బ్రస్సెల్స్ వెళ్లింది. ఆగస్టు 20న జర్మన్ సైన్యం ఆ నగరంలోకి అడుగుపెట్టింది. బడి పెట్టిన డాక్టర్ డెపాజ్ బెల్జియం సైన్యం వైపు వెళ్లి, సముద్ర తీరంలోని డీ పాన్నేలో యుద్ధ ఆసుపత్రి నడపడం మొదలుపెట్టాడు. బ్రస్సెల్స్‌లో బడి, దవాఖాన, విద్యార్థినులు, గాయపడి వచ్చే సైనికులు అందరూ కావెల్ మీదే పడ్డారు. గాయపడింది బెల్జియం వాడైనా, జర్మన్ వాడైనా మంచం మీద ఉన్నవాడు రోగే అని ఆమె పిల్లలకు నేర్పింది. శత్రువు ఆక్రమించిన నగరంలో, మందులు కరువైన కాలంలో, ఆ బడి మూతపడలేదు. పైగా ఆ యుద్ధంలోనే బడికి కొత్త భవనం కట్టించే పని కూడా చూసింది.

ఆ తర్వాతి కథ మీకు తెలిసిందే. చిక్కుకుపోయిన మిత్రదేశాల సైనికులు దాదాపు రెండు వందల మంది దేశం దాటడానికి ఆమె సాయం చేసింది. 1915 ఆగస్టులో అరెస్టు చేశారు. అక్టోబర్ 12 తెల్లవారుజామున కాల్చి చంపారు. అప్పుడామె వయసు 49. దానికి రెండు రోజుల ముందు, అక్టోబర్ 10న, జైలు నుంచి ఆమె తన నర్సులకు ఉత్తరం రాసింది. అందులో బడి మొదలైన నాటి నుంచి జరిగింది గుర్తు చేసుకుంది. తాను కొన్నిసార్లు మరీ కఠినంగా ఉండి ఉండవచ్చని, మనసు నొచ్చిన వాళ్లుంటే క్షమించమని అడిగింది. మరణం ముంగిట ఉన్న మనిషికి చివరి రోజుల్లో కూడా తలపుల్లో ఉన్నది తన బడే.

ఇప్పుడు అసలు సంగతి. ఆమె చనిపోగానే బ్రిటిష్ ప్రచార యంత్రాంగం ఏం చేసిందో తెలుసా? పోస్టర్ల మీద, కార్డుల మీద ఆమెను నిస్సహాయంగా నేలకొరిగిన పడుచుపిల్లగా గీశారు. నడివయసు దాటిన, చండశాసనురాలైన ఆ ప్రిన్సిపాల్‌ను అమాయక బలిపశువుగా మార్చారు. సైన్యంలో చేరే వాళ్ల సంఖ్య ఆ తర్వాతి వారాల్లో రెట్టింపైందని చెబుతారు. ఆమెకు విగ్రహాలు లేచాయి, కొండలకూ వీధులకూ ఆమె పేరు పెట్టారు. ఒక పాత వృత్తిని కొత్త దేశంలో నిలబెట్టిన ఎనిమిదేళ్ల పరిపాలన మాత్రం విగ్రహం కింద పడిపోయింది.

మే 12న మీరు చేస్తున్నదీ అదే కాదా? ఫ్లోరెన్స్ నైటింగేల్ చేతిలో దీపం ఉన్న బొమ్మకు దండ వేస్తారు. ఆమె 1860లో లండన్‌లో పెట్టిన నర్సుల బడి గురించి ఒక్క మాట మాట్లాడరు. మరణించిన నర్సుకు నివాళి చాలు, బతికి ఉన్న నర్సుకు అధికారం అక్కర్లేదు అన్నట్టుగా ఉంది మీ తీరు. దేవతను ఎవరూ జీతం ఎంత అని అడగరు. దేవతకు ప్రమోషన్ల జాబితా ఉండదు. దేవత సమ్మె చేస్తే ఆశ్చర్యపోతారు. పొగడ్తలో ఉన్న ఈ వెసులుబాటు మీకు తెలియకుండానే అలవాటైందా, తెలిసే వాడుకుంటున్నారా?

ఇదంతా దూరదేశం కథ అనుకోవద్దు. మన దేశానికి కూడా ఈ పాఠం యుద్ధమే నేర్పింది. రెండో ప్రపంచ యుద్ధంలో నర్సుల కొరత తెలిసొచ్చింది. 1943లో సైనిక నర్సింగ్ సర్వీసుకు ప్రత్యేక ఆర్డినెన్స్ తెచ్చారు. బర్మా వైపు యుద్ధం, బెంగాల్‌లో కరువు నడుస్తున్న అదే ఏడాది ఢిల్లీలో నర్సింగ్ పరిపాలన నేర్పే స్కూలు మొదలైంది. అంటే నర్సులను నడిపించే నర్సులను తయారు చేయాలని, అది డాక్టరు ఖాళీ సమయంలో చేసే పని కాదని పరాయి పాలకులకే అర్థమైంది. అదే ఏడాది వేసిన భోర్ కమిటీ 1946లో నివేదిక ఇచ్చింది. బ్రిటిష్ ఇండియా మొత్తానికి దాదాపు 7 వేల మంది నర్సులున్నారని, అంటే 43 వేల మందికి ఒక్కరని లెక్క తేల్చింది. 1971 కల్లా 500 మందికి ఒక నర్సు ఉండాలని చెప్పింది. ఆ 1946లోనే ఢిల్లీలో, వెల్లూరులో నర్సింగ్ డిగ్రీ చదువు మొదలైంది. 1947లో నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది.

తెలుగు నేలకు కూడా ఇది కొత్త కాదు. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో ఆడవాళ్ల ఆసుపత్రి తెరిచినప్పటి నుంచి, అక్కడ రోగుల వైద్యంతో పాటు నర్సుల శిక్షణ కూడా ఒక ప్రధాన పనిగా సాగింది. నూట ఇరవై ఏళ్ల కిందట ఒక మిషన్ ఆసుపత్రికి తెలిసిన సంగతి ఇవాళ ఒక రాష్ట్ర ప్రభుత్వ శాఖకు కొత్తగా చెప్పాల్సి రావడం ఏమిటి?

ఇక మీ ఏలుబడిలోని నర్సింగ్ బడుల్లో నిజంగా ఏం జరుగుతుందో ఒకటి చెబుతాను. ఏ జిల్లా, ఏ ఊరు అన్నది చెప్పను. చెబితే మీరు ఆ ఒక్క చోట ఒక మెమో ఇచ్చి చేతులు దులుపుకుంటారు. నా దగ్గర చదువుకున్న అమ్మాయిని చూడటానికి ఒక సర్కారు నర్సింగ్ పాఠశాలకు వెళ్లాను. ప్రాక్టికల్ గదిలో ఒక ఇనుప మంచం, దాని మీద రోగి బదులు రబ్బరు బొమ్మ. ట్యూటరమ్మ పక్క పరవడం నేర్పుతోంది. మామూలు పనే అనుకున్నాను. దుప్పటి మూలను వాలుగా మడిచి, పరుపు కిందికి దోపి, అరచేత్తో సాపు చేసి, పిల్లల్ని ఒక్కొక్కరినీ పిలిచి చెయ్యి పెట్టి చూడమంది. "ఇక్కడ చిన్న ముడత ఉన్నా, కదలలేని పేషెంట్‌కు నాలుగు రోజుల్లో ఒరిపిడికి పుండు పడ్తది. ఆ పుండుకు డాక్టరు మందు రాస్తడు. పడకుండ చూసేది మీరే" అంది. ఇరవై మంది పిల్లలు ఊపిరి బిగబట్టి వింటున్నారు. ఇంతలో అటెండర్ తలుపు దగ్గరకొచ్చాడు. "మేడం, ఫిమేల్ వార్డుల సిస్టర్లు తక్కువున్నరంట. ఆరుగురిని పంపమన్నరు." క్లాసు అయ్యాక పంపుతానందామె. "సార్ ఇప్పుడే పంపమన్నరు" అన్నాడు. ఆమె పిల్లల వైపు చూసి ఆరుగుర్ని పేర్లతో పిలిచింది. వాళ్లు వెళ్లిపోయారు. ముడత పాఠం సగంలో ఆగింది.

ఆ గదిలో ఆమెకు లేనిది తెలివా, అనుభవమా? రెండూ కాదు. కాదనే అధికారం లేదు. అటెండర్ నోట వచ్చిన ఒక "సార్" మాట ముందు ఆమె ఎమ్మెస్సీ చదువు, ఏళ్ల సర్వీసు నిలవలేదు. నర్సింగ్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం పది మంది విద్యార్థులకు ఒక బోధకురాలుండాలి. విద్యార్థి వార్డుకు వెళ్లేది నేర్చుకోవడానికి, ఖాళీ పోస్టును తన ఒంటితో పూడ్చడానికి కాదు. వైద్య కళాశాలలో క్లాసు నడుస్తుండగా ప్రొఫెసర్‌ను ఆపి, విద్యార్థుల్ని ఓపీ చీటీలు రాయడానికి పంపమని మీరు అనగలరా? అంటే మర్నాడు పత్రికల్లో ఎక్కడ అచ్చవుతుందో మీకు తెలుసు. నర్సింగ్ పిల్లల విషయంలో అది వార్త కూడా కాదు. ఎందుకు కాదు?

దీనికి మూలం పైనే ఉంది. బోధనాసుపత్రిలో నర్సు వైద్య విద్యా సంచాలకుల కింద పనిచేస్తుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉంటే ప్రజారోగ్య సంచాలకుల కింద. తాండూరు జిల్లా ఆసుపత్రి లాంటి చోట్ల ఏళ్లుగా వైద్య విధాన పరిషత్ కింద. మూడు చోట్లా ఒకే చదువు, ఒకే రోగి, ఒకే ఇంజక్షన్. పై అధికారులు మాత్రం మూడు వరుసలు. ఆ మూడు వరుసల్లో పై మెట్టు మీద నర్సు ఉండదు. రాష్ట్రంలో నర్సింగ్‌కు ప్రత్యేక డైరెక్టరేట్ ఉండాలని, దానికి నర్సే డైరెక్టర్‌గా ఉండాలని నర్సుల సంఘాలు ఏళ్లుగా అడుగుతున్నాయి. సభల్లో మీరు తలూపారు, హామీలిచ్చారు. ఆ ఫైలు ఇవాళ ఏ గదిలో, ఏ బల్ల మీద ఉంది? దాని మీద చివరి సంతకం ఏ తేదీది? ఈ రెండు ప్రశ్నలకు జవాబు చెప్పడానికి కమిటీ అక్కర్లేదు.

మీ సమాధానాలు కొన్ని నేనే ఊహించగలను. 2024 జనవరి 31న ఎల్బీ స్టేడియంలో దాదాపు 7 వేల మంది స్టాఫ్ నర్సులకు నియామక పత్రాలిచ్చామంటారు. ఇచ్చారు, కాదనను. అది మంచి పని, మా ప్రాంతపు పిల్లలు కూడా అందులో ఉన్నారు. కానీ ఆ 7 వేల మందిని తయారు చేసింది ఎవరు? రాబోయే 7 వేల మందిని ఎవరు తయారు చేస్తారు? సైన్యంలో వేలమందిని చేర్చుకుని శిక్షణ శిబిరానికి అధికారిని నియమించకపోతే దాన్ని ఎవరైనా సైన్యం అంటారా?

డాక్టరే ఆసుపత్రికి పెద్ద, రెండు అధికార కేంద్రాలుంటే గొడవలంటారు. డాక్టర్ డెపాజ్‌కు ఆ భయం లేదు. తాను యుద్ధానికి వెళ్లినా బడి మూతపడలేదంటే, దాని అధికారం అంతకు ఏడేళ్ల ముందే అక్కడి ప్రిన్సిపాల్ చేతిలో పెట్టాడు కాబట్టి. ఆపద వచ్చాక ఎవరూ నాయకురాలిగా మారరు. అంతకు ముందే ఆ కుర్చీలో కూర్చుని ఉండాలి, ఆ కుర్చీకి విలువ ఉండాలి. 2020లో మన రాష్ట్రంలో వెంటిలేటర్లు కొన్నాం, ఆక్సిజన్ ట్యాంకులు తెచ్చాం. వాటి పక్కన నిలబడే చేతులను మాత్రం అవుట్‌సోర్సింగ్ ఏజెన్సీకి వదిలేశాం. ఇది గొడవలు తప్పించిన పరిపాలనా?

డబ్బు లేదంటారు. ఇక్కడ ఒక చిత్రం చూడండి. మన ప్రభుత్వ సంస్థే, తెలంగాణ ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కంపెనీ, జర్మనీకి, జపాన్‌కు నర్సులను పంపడానికి ఆ భాషలు నేర్పిస్తోంది. పిల్లలకు మంచి జీతం, మంచి బతుకు దొరికితే ఎవరికి అభ్యంతరం? నాకు లేదు. కానీ జర్మన్ ఆసుపత్రి మన నర్సును తీసుకునేటప్పుడు ఆమె చదువును, ఆమెకు చెప్పిన గురువును తూకం వేస్తుంది. అక్కడి రోగికి అంత నాణ్యత కావాలి. మరి మా జిల్లాలోని బొంరాస్‌పేట్ రోగికి ఎంత నాణ్యత కావాలి? విదేశానికి పంపే నర్సుకు భాషా పాఠాలకు డబ్బు దొరుకుతుంది, ఇక్కడ నర్సును తయారు చేసే ప్రిన్సిపాల్ పోస్టుకు దొరకదా?

చివరిగా, నర్సులు ఎలాగూ పనిచేస్తారు, సేవాభావం ఉంది కదా అని మీ మనసులో ఎక్కడో ఉంటుంది. ఇది పైకి అనరు. అనకపోయినా మీ జీవోల్లో కనిపిస్తుంది. అయ్యా, సేవాభావం ఉన్నంత మాత్రాన ఒక మనిషి ఒక రాత్రి నలభై మంది రోగులను చూడలేదు. చూసినట్టు రిజిస్టర్‌లో రాయగలదు. ఆ రాతకూ నిజానికీ మధ్య జారిపడేది మా అమ్మలు, మా అన్నలు, కాన్పుకు వచ్చిన మా బిడ్డలు. రాత్రి పన్నెండు దాటాక తాండూరు దవాఖానలో డాక్టరు ఫోన్ దూరంలో ఉంటాడు. నర్సు మంచం పక్కన ఉంటుంది. రక్తపోటు పడిపోతోందని ముందు గమనించాల్సింది ఆమె. గమనించడం ఒకరు నేర్పితే వచ్చేది. నేర్పే వారికి మీరు ఇచ్చిన విలువ ఎంతో, ఆ రాత్రి మాకు దొరికే రక్షణ అంతే.

అందుకే మర్యాదగా, కానీ గట్టిగా అడుగుతున్నాను.

వికారాబాద్ జిల్లాలో నర్సింగ్ విద్యకు మంజూరైన పోస్టులెన్ని, భర్తీ అయినవెన్ని, ఇన్‌ఛార్జ్‌లు, డిప్యుటేషన్ల మీద నడుస్తున్నవెన్ని అన్న వివరం కలెక్టర్ గారు జిల్లా నోటీసు బోర్డు మీద పెట్టాలి. ప్రతి నర్సింగ్ పాఠశాల, కళాశాలకు రెగ్యులర్ ప్రిన్సిపాల్‌ను నియమించాలి. ఆ ప్రిన్సిపాల్‌కు తన బడ్జెట్ మీద సంతకం పెట్టే అధికారం, తన విద్యార్థులను క్లాసు మధ్యలో వార్డుకు పంపడానికి నిరాకరించే అధికారం రాతపూర్వకంగా ఇవ్వాలి. పదికి ఒకరు అన్న బోధకుల నిష్పత్తి తనిఖీ రోజు కోసం కాకుండా ఏడాది పొడవునా ఉండాలి. జిల్లా ఆరోగ్య సమావేశాల్లో సూపరింటెండెంట్‌తో పాటు ప్రిన్సిపాల్‌కు కూడా బల్ల దగ్గర కుర్చీ వేయాలి. నర్సింగ్‌కు ప్రత్యేక డైరెక్టరేట్ పెట్టి, దానికి నర్సునే అధిపతిని చేయాలి. మళ్లీ ఒక మహమ్మారి వస్తే ఎవరిని, ఎక్కడి నుంచి, ఏ శిక్షణతో పిలుస్తారో ఇప్పుడే ప్రణాళిక రాయాలి. దాన్ని రాసే బల్ల దగ్గర నర్సింగ్ విద్య నడిపే వాళ్లుండాలి. పిలిచిన వాళ్లను పని అయ్యాక ఎలా చూసుకుంటారో కూడా అందులోనే రాయాలి.

వీటిలో ఒక్కటైనా అసాధ్యమైనది ఉందా? ఉంటే ఏదో, ఎందుకో రాతలో చెప్పండి. మేం చదువుకుంటాం, మా పిల్లలకు కూడా చదివి వినిపిస్తాం. అసాధ్యం కానివి ఎందుకు చేయలేదో కూడా అదే కాగితం మీద చెప్పండి.

వచ్చే మే 12న మీ సభకు మేమూ వస్తాం. దండలు తీసుకురాం. ఈ లేఖ ప్రతులు తెస్తాం. వేదిక మీద కూర్చున్న వారందరినీ ఒకటే అడుగుతాం: మీ పక్క కుర్చీలో నర్సింగ్ ప్రిన్సిపాల్ ఎందుకు లేరు?

ఇట్లు,
తాండూరు నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు